ప్రాచీన ఈజిప్టు రాజకుటుంబాల పెళ్లిళ్లు, దాంపత్య ఆచారాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫారోల, అంటే ప్రాచీన ఈజిప్టు రాజుల పెళ్లిళ్ల మాట వచ్చిందంటే చర్చ సాధారణంగా తోబుట్టువుల వివాహాల దగ్గర మొదలై అక్కడే ముగిసిపోతుంది. దాదాపు మూడు వేల ఏళ్లు సాగిన రాజరికంలో అది ఒక భాగం మాత్రమే. పిల్లను ఎవరి దగ్గరి నుంచి తెచ్చుకోవాలి, ఎవరికి ఇవ్వకూడదు, ఏ రాణి కడుపున పుట్టినవాడు గద్దెనెక్కాలి అన్న లెక్కలే ఆ పెళ్లిళ్లను నడిపించాయన్నది ఈ సమాధానాలన్నిటి వెనుక ఉన్న అభిప్రాయం. ఇక్కడ ఇచ్చిన క్రీస్తుపూర్వపు సంవత్సరాలు చాలావరకు పండితులు అంగీకరించిన సుమారు లెక్కలు కనుక, గ్రంథాన్ని బట్టి వాటిలో కొన్నేళ్ల తేడా కనిపించవచ్చు.

ఫారోలందరూ సొంత అక్కాచెల్లెళ్లనే పెళ్లాడేవారా?

లేదు. తోబుట్టువుల మధ్య పెళ్లికి గట్టి ఆధారాలు కనిపించేది ప్రధానంగా 18వ వంశం తొలి తరాలలోనూ, ఆ తరువాత వెయ్యేళ్లకు పైగా గడిచాక వచ్చిన టాలెమీ అనే గ్రీకు రాజవంశంలోనూ. క్రీ.పూ. 1550 ప్రాంతంలో, ఉత్తర ఈజిప్టును ఏలుతున్న హిక్సోస్ అనే విదేశీయులను తరిమి దేశాన్ని ఏకం చేసిన అహ్మోస్, తన సోదరి అహ్మోస్ నెఫెర్తారిని పట్టమహిషిగా చేసుకున్నాడు. రెండవ తుత్మోస్ పెళ్లాడిన హాట్షెప్సుట్ అతనికి సవతి సోదరి. తండ్రి ఒకడే అయినా తల్లులు వేరు. అయితే రెండవ తుత్మోస్ తరువాత గద్దెకు వచ్చిన మూడవ తుత్మోస్ హాట్షెప్సుట్ కొడుకు కాదు, ఇసెత్ అనే మరో భార్యకు పుట్టినవాడు. ఆ మూడవ తుత్మోస్ పట్టమహిషులలో ఒకరైన సతియా రాజకుటుంబానికి చెందిన స్త్రీ కాదు, ఒక దాది కూతురు.

అన్నిటికన్నా ప్రసిద్ధమైన ఉదాహరణ మూడవ అమెన్‌హోటెప్ భార్య తియే. ఈజిప్టు సంపద శిఖరాన ఉన్న కాలంలో, సుమారు క్రీ.పూ. 1390 నుంచి 1352 దాకా పాలించిన ఆ రాజు, అఖ్మీమ్ పట్టణానికి చెందిన యుయా, తుయా అనే దంపతుల కూతురిని పట్టమహిషిని చేశాడు. ఆ సంగతిని దాచుకోలేదు సరికదా, పేడపురుగు ఆకారంలో చెక్కిన చిన్న రాతి ముద్రలపై రాయించి పంచిపెట్టాడు. ఆమె తండ్రి పేరు యుయా, తల్లి పేరు తుయా, ఆమె మహారాజు భార్య అని చెప్పి, వెంటనే ఆ రాజు సరిహద్దులు దక్షిణాన, ఉత్తరాన ఎక్కడిదాకా ఉన్నాయో చెబుతుంది ఆ శాసనం. అత్తమామలకు రాజబిరుదులేవీ లేవన్న విషయం చదివినవారికి తెలిసిపోతూనే ఉంటుంది. ఆ అత్తమామల సమాధి 1905లో రాజుల లోయలో దాదాపు చెక్కుచెదరకుండా బయటపడింది.

కొత్త రాజ్యకాలంలో, అంటే 18 నుంచి 20వ వంశం దాకా, భార్యను, ప్రేయసిని కూడా "సోదరి" అని పిలవడం వాడుకలో ఉండేది. సమాధి గోడలపై భర్త పక్కన "అతని సోదరి" అని కనిపించిన ప్రతి స్త్రీనీ తోడబుట్టినదిగా లెక్కవేసిన పాత రచనల వల్లే ఈ ఆచారం ఉన్నదానికంటే ఎంతో విస్తారంగా జరిగినట్టు ప్రచారమైంది.

అయితే కొందరు రాజులు ఆ పని ఎందుకు చేశారు? రాజరక్తం పలచబడకూడదనా?

ఒకప్పుడు చాలామంది చరిత్రకారులు ఒక సిద్ధాంతాన్ని నమ్మారు. సింహాసనపు హక్కు స్త్రీల ద్వారా సంక్రమిస్తుందనీ, అందువల్ల రాజు కావాలనుకున్నవాడు పూర్వపు రాజు కూతురిని, అంటే తరచుగా తన సోదరినే, పెళ్లాడక తప్పదనీ వారి వాదన. తియే ఒక్కతే ఈ వాదనను దెబ్బతీస్తుంది. సతియా వంటి వారిని కూడా చేర్చుకుంటే ఇక అది నిలబడదు. ఇప్పటి పండితులు దాన్ని దాదాపుగా వదిలేశారు, కానీ జనరంజక పుస్తకాలలో అది ఇంకా తిరుగుతూనే ఉంది.

ఎక్కువ సమంజసంగా తోచే కారణాలు రెండు. మొదటిది దేవతలతో పోలిక. షు దేవుడు తెఫ్నుత్‌ను, గెబ్ నుత్‌ను, ఒసిరిస్ ఐసిస్‌ను పెళ్లాడారు, వీరంతా తోబుట్టువులే. మామూలు మనుషులు చేయని పనిని రాజు చేయడం అతడు మామూలు మనిషి కాడని చాటడమే. రెండవది పూర్తిగా లౌకికమైనది. రాజు కూతురిని బయటి కుటుంబానికి ఇస్తే, ఆ ఇంట్లో పుట్టే మనవడు రేపు సింహాసనం మీద హక్కు అడుగుతాడు. కూతురిని ఇంట్లోనే ఉంచుకుంటే ఆ తలనొప్పి ఉండదు. దక్షిణాది నగరమైన థీబ్స్ నుంచి లేచి, దేశం సగం శత్రువుల చేతిలో ఉండగా యుద్ధం చేసిన అహ్మోస్ కుటుంబానికి బయటి అల్లుళ్ల మీద నమ్మకం తక్కువగా ఉండటంలో వింత లేదు. నా దృష్టిలో ఈ రెండవ కారణమే అసలైనది, మొదటిది దానికి తొడిగిన మతపరమైన వస్త్రం.

అంతకు ఎన్నో శతాబ్దాల ముందు, పిరమిడ్లు కట్టిన పాత రాజ్యకాలంలో పరిస్థితి దీనికి భిన్నంగా ఉండేదని కూడా గమనించాలి. అప్పట్లో రాజకుమార్తెలను పెద్ద ఉద్యోగులకు ఇచ్చేవారు. ఐదవ వంశపు న్యుసెర్రే రాజు కూతురు ఖామెరెర్నెబ్తి, అబూసిర్‌లో బ్రహ్మాండమైన సమాధి కట్టించుకున్న మంత్రి ప్తాహ్‌షెప్సెస్ భార్య. ఆరవ వంశపు మొదటి పెపి ఎదురు దిశలో నడిచాడు. దక్షిణాన అబిడోస్ ప్రాంతంలో బలమైన కుటుంబానికి చెందిన ఖుయి, నెబెత్‌ల ఇద్దరు కూతుళ్లను పెళ్లాడాడు. ఆ అక్కాచెల్లెళ్లలో ఒకరి కొడుకు, తరువాత మరొకరి కొడుకు రాజులయ్యారు. వారి తల్లి నెబెత్‌కు మంత్రి బిరుదు దక్కింది, సోదరుడు జావ్ మంత్రి అయ్యాడు.

తండ్రులు కూతుళ్లనే పెళ్లాడారన్నది నిజమా?

మూడవ అమెన్‌హోటెప్ కూతురు సితామున్‌కు, రెండవ రామ్సెస్ కూతుళ్లు బింతానాత్, మెరిటామెన్, నెబెత్తావీలకు "రాజు పట్టమహిషి" అన్న బిరుదు ఉన్న మాట వాస్తవం. ఆ బిరుదు వెనుక దాంపత్యం ఉందా, లేక పండుగలలో, పూజలలో రాజు పక్కన నిలబడవలసిన స్త్రీకి ఇచ్చిన పదవి మాత్రమేనా అన్నదే వివాదం. బింతానాత్ సమాధిలో పేరు రాయని ఒక కూతురి బొమ్మ ఉంది. దాన్ని పట్టుకుని ఆమె తండ్రికే బిడ్డను కన్నదని వాదించేవారు ఉన్నారు, కానీ ఆ బిడ్డ తండ్రి ఎవరో గోడ చెప్పదు. తల్లి వయసు మీరినప్పుడో, మరణించినప్పుడో ఆమె నిర్వహించిన కర్మకాండను కూతురు అందుకోవడంగా దీన్ని చూడటమే జాగ్రత్తగల చదువు అనిపిస్తుంది.

ఒక్కో రాజుకు ఎంతమంది భార్యలు ఉండేవారు? అంతఃపురం ఎలా ఉండేది?

ఏ రాజుకూ నికరమైన లెక్క చెప్పలేం, ఎందుకంటే శాసనాలకెక్కేది ప్రధానంగా పట్టమహిషి, రాజమాత, కొందరు పిల్లలు మాత్రమే. రెండవ రామ్సెస్‌కు సుమారు వందమంది సంతానమని చెబుతారు. ఆయన తన కొడుకులను, కూతుళ్లను ఆలయాల గోడలపై వరుసగా ఊరేగిస్తూ చెక్కించుకున్నాడు కనుకనే మనకు అంతమంది తెలుసు. ఆయన అరవై ఆరేళ్లు పాలించడంతో పెద్ద కొడుకులు చాలామంది తండ్రికంటే ముందే పోయారు, చివరకు పదమూడవ కొడుకు మెర్నెప్తాహ్ రాజయ్యాడు.

అంతఃపురం అనగానే పరుపుల మీద ఒరిగి ఎదురుచూసే అందగత్తెల చిత్రం మనసులో మెదులుతుంది. ఆ చిత్రం పంతొమ్మిదవ శతాబ్దపు ఐరోపా చిత్రకారులు గీసింది. ఫయ్యూమ్ ప్రవేశద్వారం దగ్గర, నేటి గురోబ్‌లో ఉన్న రాజస్త్రీల నివాసం ఆర్థికంగా తన కాళ్లపై తాను నిలబడ్డ సంస్థ. దానికి సొంత భూములు, సొంత ఉద్యోగులు, ధాన్యపు రాబడి ఉండేవి. అక్కడ మేలురకం నార బట్టల నేత పెద్ద ఎత్తున సాగేది. రాజు భార్యలు, వితంతువులైన పాత రాణులు, విదేశాల నుంచి వచ్చిన రాజకుమార్తెలు, వారి పరిచారికలు, పిల్లలు అందరూ అక్కడే ఉండేవారు. స్త్రీలు బందీలుగా ఉండేవారనడానికి ఆధారం లేదు, వారి పనులు చూసే ఉద్యోగులలో పెళ్లయిన మగవారు ఎందరో ఉన్నారు.

విదేశీ రాజకుమార్తెలతో పెళ్లిళ్లు ఎలా కుదిరేవి?

దీనికి సాటిలేని ఆధారం అమర్నా లేఖలు. 1887లో, ఒకప్పుడు ఈజిప్టు రాజధాని అయిన అమర్నా శిథిలాలలో బయటపడిన ఆ మట్టి పలకలు దాదాపు 380. ఎక్కువభాగం అప్పటి దౌత్య భాష అయిన అక్కాడియన్‌లో, మేకు ఆకారపు లిపిలో ఉన్నాయి. మహారాజులు ఒకరినొకరు "సోదరా" అని సంబోధించుకుంటూ, కుశలం అడిగి, వెంటనే బంగారం సంగతికి వచ్చేస్తారు.

నేటి ఉత్తర సిరియా ప్రాంతాన్ని ఏలిన మితాన్ని రాజు షుత్తర్న కూతురు గిలుఖేపా మూడవ అమెన్‌హోటెప్ పదవ పాలనా సంవత్సరంలో ఈజిప్టు చేరింది. ఆమె వెంట 317 మంది స్త్రీలు వచ్చారని రాజు మరో ముద్రపై గొప్పగా రాయించాడు. ఆ శాసనంలోనే పట్టమహిషిగా తియే పేరు, ఆమె తల్లిదండ్రుల పేర్లు మళ్లీ కనిపిస్తాయి. కొత్త కోడలు ఎంత గొప్పింటి పిల్లైనా తియే స్థానం తియేదేనని అందరికీ తెలియజేసినట్టుంది. కొన్నేళ్లకు షుత్తర్న కొడుకు తుష్రత్త తన కూతురు తాదుఖేపాను పంపాడు. ఆమెతో పంపిన సారె జాబితాలు రెండు పెద్ద పలకల నిండా ఉన్నాయి: గుర్రాలు, రథం, నగలు, బట్టలు, అప్పటికి బంగారంకన్నా అరుదైన ఇనుప కత్తి. ఈ మితాన్ని రాజవంశం భారతీయ పాఠకులకు మరో కారణం వల్ల ఆసక్తికరమైనది. తుష్రత్త కొడుకు నేటి టర్కీ ప్రాంతాన్ని ఏలిన హిట్టైట్లతో చేసుకున్న సంధిలో సాక్షులుగా పిలిచిన దేవతలలో మిత్రుడు, వరుణుడు, ఇంద్రుడు, నాసత్యులు ఉన్నారు.

పిల్లను పంపిన తుష్రత్త తన ఉత్తరాలలో ఫారోను "నా సోదరుడు, నా అల్లుడు" అని పిలుస్తాడు. ఆ పిలుపుతో పాటే ఓలిగా రావలసిన బంగారం సంగతీ ఎత్తుతాడు. పోత పోసిన బంగారు విగ్రహాలు పంపుతానని మూడవ అమెన్‌హోటెప్ మాటిచ్చాడు. ఆయన చనిపోయాక కొడుకు అఖెనాతెన్ చెక్క బొమ్మలకు బంగారు రేకు తొడిగి పంపాడు. తుష్రత్త కోపం పట్టలేకపోయాడు. ఈజిప్టులో బంగారం మట్టిలా దొరుకుతుంది కదా, దీనికి ఇంత పిసినారితనమా అని రాశాడు. అంతటితో ఊరుకోక రాజమాత తియేకే నేరుగా ఉత్తరం రాసి, మీ భర్త ఏమన్నారో మీకు తెలుసు, మీ అబ్బాయికి చెప్పండి అని ఆమెను సాక్ష్యానికి పిలిచాడు. తాదుఖేపా సంగతి చూస్తే, తండ్రికి భార్యగా వచ్చిన ఆమెను తరువాతి ఉత్తరాలలో తుష్రత్త కొత్త రాజు భార్యగా పేర్కొంటాడు. పెళ్లి ఇద్దరు మనుషుల మధ్య కాక రెండు సింహాసనాల మధ్య జరిగిందన్న మాటకు ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

ఈజిప్టు రాజులు తమ కూతుళ్లను బయటి దేశాలకు ఇచ్చేవారా?

కొత్త రాజ్యకాలంలో ఇవ్వలేదు. కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలంటారు. తనకు సమ ఉజ్జీ భూమ్మీదే లేడన్నది ఫారో విధానం.

బాబిలోన్ రాజు కదష్మాన్ ఎన్లిల్ ఈ విషయాన్ని నేరుగా అడిగేశాడు. అనాదిగా ఈజిప్టు రాజకుమార్తెను ఎవరికీ ఇచ్చింది లేదని మూడవ అమెన్‌హోటెప్ జవాబు పంపాడు. దానికి బాబిలోన్ రాజు రాసిన తిరుగు జవాబు దౌత్య చరిత్రలోనే అపురూపమైనది. మీరు రాజులు, మీరు అనుకుంటే ఎవరు కాదంటారు అని ముందు మెచ్చుకుని, ఆపైన ఒక ఉపాయం చెప్పాడు: ఎదిగిన కూతుళ్లు, అందమైన స్త్రీలు మీ దగ్గర ఎందరో ఉంటారు, మీ కూతురే అన్నట్టుగా ఒకామెను పంపండి, ఈమె రాజు కూతురు కాదని ఇక్కడ ఎవరు అనగలరు? ఆయనకు కావలసింది పిల్ల కాదు, ఫారో తనకు పిల్లనిచ్చాడన్న పేరు. అది దక్కలేదు.

అదే బాబిలోన్ నుంచి ఈజిప్టుకు వెళ్లిన ఆడపడుచు మాట మరో పలకలో ఉంది. నా తండ్రి నీకిచ్చిన నా సోదరి బతికుందో లేదో ఎవరూ చూడలేదు, మళ్లీ నా కూతురిని అడుగుతున్నావా అని కదష్మాన్ ఎన్లిల్ నిలదీశాడు. ఆయన దూతలకు రాణుల గుంపులో ఒక స్త్రీని చూపించి ఈమే మీ యజమానురాలు అన్నారట, వాళ్లు ఆమెను గుర్తుపట్టలేకపోయారు. నీ సోదరిని ఎరిగిన పెద్దమనిషిని పంపకుండా ఊరూ పేరూ లేనివాళ్లను, గాడిదల కాపరిని పంపితే ఎలా గుర్తుపడతారని అమెన్‌హోటెప్ ఎదురు తిరిగాడు. ఆ ఉత్తరంలో ఇద్దరు రాజుల గౌరవాలూ తూకంలో ఉన్నాయి. అసలామె ఏమైందో మాత్రం ఉత్తరం చదివాక కూడా తేలదు.

ఈజిప్టు బలం తగ్గాక ఈ పట్టుదల సడలింది. ఫారో కూతురు సొలొమోను భార్య అయినట్టు బైబిల్ చెబుతుంది. పర్షియా రాజు కాంబైసిస్ పిల్లనడిగితే ఈజిప్టు రాజు అమాసిస్ తన కూతురికి బదులు మునుపటి రాజు కూతురిని తన కూతురిగా అలంకరించి పంపాడని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఒక కథ చెబుతాడు. బాబిలోన్ రాజు ఎనిమిది వందల ఏళ్ల ముందు ఇచ్చిన సలహాను ఎవరో పాటించినట్టే ఉంటుంది ఆ కథ.

ఈజిప్టు రాణి శత్రుదేశపు రాజకుమారుడిని భర్తగా అడిగిందన్నది కట్టుకథా?

కట్టుకథ కాదు. హిట్టైట్ రాజు సుప్పిలులియుమా చరిత్రను ఆయన కొడుకు మూర్సిలి రాయించాడు, ఆ పలకలు దొరికాయి. భర్త చనిపోయాడు, కొడుకు లేడు, నీకు కొడుకులు చాలామంది అంటారు, ఒకరిని పంపితే భర్తగా చేసుకుంటాను, నా సేవకులలో ఒకరిని మాత్రం ఎన్నటికీ పెళ్లాడను అని రాణి రాసింది. ఇలాంటిది నా జన్మలో ఎరగనని సుప్పిలులియుమా ఆశ్చర్యపోయి, నిజానిజాలు కనుక్కు రమ్మని ఒక అధికారిని పంపాడు. నేనే అబద్ధం ఆడేదాన్నైతే నా పరువు, నా దేశపు పరువు పోయేలా పరదేశానికి రాస్తానా అని రాణి మండిపడింది. చివరకు జన్నంజా అనే రాజకుమారుడు బయలుదేరాడు, కానీ ఈజిప్టు చేరకుండానే మరణించాడు. ఫలితం యుద్ధం. ఆ రాణి తుతన్‌ఖామున్ భార్య అంఖెసెనామున్ అని ఎక్కువమంది భావిస్తారు, అఖెనాతెన్ కుటుంబంలోని మరో రాణి అనేవారూ ఉన్నారు.

హిట్టైట్లతో వియ్యం వందేళ్లలోపే మరో రూపంలో కుదిరింది. క్రీ.పూ. 1259 ప్రాంతంలో రెండవ రామ్సెస్ వారితో సంధి చేసుకున్నాడు, తన 34వ పాలనా సంవత్సరంలో వారి రాజకుమార్తెను పెళ్లాడాడు. ఈసారి కూడా పిల్ల ప్రయాణం అటు నుంచి ఇటే. పిల్లను పంపడంలో ఆలస్యమైందని రామ్సెస్ సణిగితే, హిట్టైట్ రాణి పుదుహేపా ఇచ్చిన సమాధానం చదవదగ్గది. మా ఖజానా తగలబడింది, ఆ సంగతి మీ దగ్గర తలదాచుకున్న మా ఊర్హి తెషుబ్‌నే (గద్దె దిగిపోయిన హిట్టైట్ రాజు) అడగండి అని చెప్పి, ఏమీ లేనివాడిలా నా సొమ్ముతో ధనవంతుడు కావాలనుకోవడం మీ పేరుకు, మీ హోదాకు తగదని వియ్యపురాలి స్థానంలో నిలబడి మెత్తగా మొట్టింది.

రాణుల మధ్య వారసత్వ పోరు హత్యలదాకా వెళ్లిందా?

వెళ్లింది. ఆరవ వంశంలోనే ఒక రాణిపై రహస్య విచారణ జరిగిందని, దాన్ని మరో అధికారితో కలిసి తాను నడిపానని వెని అనే ఉద్యోగి తన సమాధి శాసనంలో రాసుకున్నాడు. ఆమె నేరమేమిటో మాత్రం చెప్పలేదు.

మూడవ రామ్సెస్ హత్య గురించి చాలా ఎక్కువ తెలుసు. క్రీ.పూ. 1155 ప్రాంతంలో తియే అనే రాణి, ఇది పైన చెప్పిన తియే కాదు, తన కొడుకు పెంతవెరెను రాజును చేయడానికి కుట్ర పన్నింది. అంతఃపుర ఉద్యోగులు, పానపాత్రలు అందించేవారు, సైనికాధికారులు అందులో చేరారు. రాజును తలపించే మైనపు బొమ్మలతో క్షుద్రపూజలు కూడా జరిగాయి. విచారణ వివరాలు ప్రస్తుతం ఇటలీలోని టురిన్‌లో ఉన్న పపైరస్‌లో, అంటే రెల్లు కాగితపు చుట్టలో, ఉన్నాయి. కుట్రదారుల పేర్లు కొన్నిటిని శాపంలా మార్చి, "రే దేవుడు అతన్ని ద్వేషిస్తాడు" వంటి అర్థం వచ్చేలా రాశారు. న్యాయమూర్తులలో కొందరు నిందితులైన స్త్రీలతో కలిసి విందు చేసుకుంటూ దొరికిపోయారు, వారికి ముక్కు చెవులు కోశారు. పెంతవెరె తన ప్రాణం తానే తీసుకున్నాడు. రాజు ఆ దాడిలోనే చనిపోయాడా అన్నది చాలాకాలం తేలలేదు. 2012లో వెలువడ్డ స్కాన్ ఫలితాలలో ఆ మమ్మీ గొంతు ఎముకదాకా లోతుగా తెగి ఉన్నట్టు బయటపడింది.

మంత్రులు, ఉన్నతోద్యోగుల కుటుంబాలలో పెళ్లి తంతు ఎలా ఉండేది?

పెళ్లి తంతును వర్ణించే ఈజిప్టు గ్రంథం గానీ, చూపించే సమాధి చిత్రం గానీ లేదు. వంటలు, వేటలు, చావులు, విందులు అన్నీ గోడలకెక్కించిన జాతి పెళ్లిని వదిలేసింది. స్త్రీ పురుషులు ఒక ఇంట కాపురం పెట్టడమే పెళ్లి. గుడిలో నమోదు లేదు, పూజారి ప్రసక్తి లేదు. క్రీ.పూ. ఏడవ శతాబ్దం నుంచి కనిపించే పత్రాలు కూడా ఆస్తి ఒప్పందాలే. భర్త ఇచ్చేదెంత, విడిపోతే భార్యకు రావలసిందెంత, పిల్లల వాటా ఎంత అన్నవే అందులో ఉంటాయి. విడాకులు ఇద్దరికీ సాధ్యమే. కాపురంలో సంపాదించిన ఆస్తిలో మూడో వంతు భార్యదన్న పద్ధతి రాజుల సమాధులు తొలిచిన పనివారి ఊరైన దేర్ ఎల్ మెదీనా పత్రాలలో కనిపిస్తుంది. తన సొంత ఆస్తిని స్త్రీ తన ఇష్టం వచ్చినట్టు పంచవచ్చు. అదే ఊరికి చెందిన నౌనఖ్తే అనే వృద్ధురాలు, ముసలితనంలో తనను చూడని పిల్లలకు తన వాటా దక్కదని సాక్షుల ఎదుట వీలునామా రాయించింది.

ఉన్నతోద్యోగులు సాధారణంగా ఏకపత్నీకులే. మినహాయింపులు దాగలేదు. బెనీ హసన్‌లో రెండవ ఖ్నుమ్‌హోటెప్ సమాధిలో భార్య ఖేతితో పాటు, ఇంటి కోశాన్ని చూసే చాత్ అనే స్త్రీ, ఆమె పిల్లలు కూడా గౌరవంగా కనిపిస్తారు.

శృంగారం, వ్యభిచారం, గర్భనిరోధం గురించి ఏం తెలుసు?

పెళ్లికి ముందు సంబంధాలను పెద్దగా పట్టించుకున్నట్టు కనిపించదు, పరుని భార్యతో సంబంధాన్ని మాత్రం తీవ్రంగా చూసేవారు. నీతి గ్రంథాలు యువకులను పదేపదే హెచ్చరించేది దీని గురించే. వ్యభిచారానికి కథలలో మరణశిక్ష పడుతుంది, నిజమైన పత్రాలలో ఎక్కువగా కనిపించేది ఊరివారి చీవాట్లు, విడాకులు. కొత్త రాజ్యకాలపు ప్రేమగీతాలు సున్నితమైనవి, వాటిలో స్త్రీ తన కోరికను తానే చెప్పుకుంటుంది. టురిన్‌లో ఉన్న మరో పపైరస్ బాహాటమైన శృంగార చిత్రాలతో నిండి ఉంది. దాన్ని గీసినవారి ఉద్దేశం హాస్యమని కొందరంటారు.

వైద్య గ్రంథాలు గర్భనిరోధానికి మార్గాలు చెప్పాయి. క్రీ.పూ. 1800 ప్రాంతపు కాహున్ పపైరస్ మొసలి పేడను, తరువాతి ఎబెర్స్ పపైరస్ తుమ్మజాతి చెట్టు భాగాన్ని, ఖర్జూరాన్ని, తేనెతో నూరి వాడమంటాయి. రెండవది కొంత పనిచేసి ఉండవచ్చు.

పెళ్లే చేసుకోని రాజకుమార్తెలు ఉండేవారా?

ఉండేవారు. అలా ఉండటమే వారి అధికారానికి మూలమైన సందర్భం ఒకటుంది. థీబ్స్‌లో "ఆమున్ దేవుని భార్య" అన్న పదవిని 18వ వంశంలో అహ్మోస్ నెఫెర్తారి వంటి రాణులు నిర్వహించారు. క్రీ.పూ. ఎనిమిదవ శతాబ్దానికి అది అవివాహిత రాజకుమార్తెలదైంది. వారికి పిల్లలుండరు కనుక వారసురాలిని దత్తత తీసుకునేవారు. పిల్లలు లేని చోట కొత్త రాజవంశం పుట్టదు కనుక రాజుకు ఇది నిశ్చింత. దేశాన్ని గెలిచిన ప్రతి కొత్త వంశమూ తన ఆడపిల్లను దత్తత పేరుతో అక్కడ ప్రవేశపెట్టింది. క్రీ.పూ. 656లో మొదటి సమ్‌తిక్ తన కూతురు నితోక్రిస్‌ను పడవల మీద థీబ్స్‌కు పంపి, అప్పటి దేవుని భార్యచేత దత్తత తీసుకునేలా చేశాడు. ఆ ఒక్క పనితో దక్షిణ ఈజిప్టు యుద్ధం లేకుండా అతని చేతికి వచ్చింది.

టాలెమీ వంశం ఈ ఆచారాన్ని ఈజిప్టు నుంచి నేర్చుకుందా?

సాకు ఈజిప్టుది, అవసరం వారిది. మాసిడోనియా నుంచి వచ్చిన ఈ గ్రీకు కుటుంబానికి తమ స్థాయి వియ్యం అంటే అలెగ్జాండర్ సేనాపతుల వంశాలే, అవన్నీ ప్రత్యర్థి రాజ్యాలు. రెండవ టాలెమీ సొంత అక్క రెండవ ఆర్సినోయె అప్పటికే రెండు పెళ్లిళ్లు చూసింది. మొదటి భర్త లైసిమాకస్ యుద్ధంలో పోయాడు. రెండవ భర్త ఆమె సవతి సోదరుడే, ఆమె ఇద్దరు చిన్న కొడుకులను చంపించాడు. ప్రాణాలతో ఈజిప్టు చేరిన ఆమెను క్రీ.పూ. 270ల మధ్యలో తమ్ముడు పెళ్లాడాడు. గ్రీకులు నివ్వెరపోయారు. ఈ పెళ్లిని బూతుమాటతో ఎగతాళి చేసిన కవి సొతాడెస్‌ను సీసపు పాత్రలో పెట్టి సముద్రంలో పడేశారని కథనం. ఆస్థాన కవులు మాత్రం గ్రీకు దేవతలు జ్యూస్, హేరాల దాంపత్యాన్ని గుర్తుచేశారు, వారూ తోబుట్టువులే కదా.

తరువాతి తరాలలో ఇది పగలకు ఆయుధమైంది. ఎనిమిదవ టాలెమీ అన్న భార్యను, అంటే తన సొంత అక్క అయిన రెండవ క్లియోపాత్రాను పెళ్లాడి, ఆమెను వదలకుండానే ఆమె కూతురు మూడవ క్లియోపాత్రాను కూడా పెళ్లాడాడు. తల్లీకూతుళ్లను విడదీసి చెప్పడానికి ఆనాటి పత్రాలలో ఒకరిని "సోదరి క్లియోపాత్రా" అని, మరొకరిని "భార్య క్లియోపాత్రా" అని రాయవలసి వచ్చింది. అందరికీ తెలిసిన ఏడవ క్లియోపాత్రా వరుసగా ఇద్దరు తమ్ముళ్లకు పేరుకు భార్య. ఆమె పిల్లల తండ్రులు మాత్రం జూలియస్ సీజర్, మార్క్ ఆంటోనీ.

ఇది మన మేనరికం లాంటిదేనా?

పోలిక ఒక మేరకే కుదురుతుంది. నాగార్జునకొండ శాసనాల ప్రకారం, క్రీ.శ. మూడవ శతాబ్దపు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడు తన మేనత్త హమ్మశ్రీ కూతుళ్లు బాపిశ్రీ, షష్ఠిశ్రీలను పెళ్లాడాడు. మరో మేనత్త శాంతిశ్రీ కూడా తన శాసనాలలో ఆయనను అల్లుడని పేర్కొంది. అదే రాజుకు ఉజ్జయిని రాజవంశపు పిల్ల రుద్రధర భట్టారిక రాణిగా వచ్చింది, ఆయన కూతురు కొడబలిశ్రీ వనవాసి మహారాజు భార్య అయింది.

ఇంటి ఆస్తి, అధికారం ఇంటికే చేరాలన్న ఆశ ఇక్కడా కనిపిస్తుంది. తేడా వరుసల దగ్గర ఉంది. తెలుగువారి లెక్కలో మేనత్త కూతురు మరదలు, బాబాయి కూతురు చెల్లెలు. మరదలి వరుస ఉన్నచోటే పెళ్లి. టాలెమీలు ఆ గీతనే చెరిపేశారు. అంతేకాదు, ఇక్ష్వాకులు పిల్లను తెచ్చుకున్నారు, ఇచ్చారు కూడా. అమెన్‌హోటెప్ దృష్టిలో రెండవది రాజుకు తగని పని.

దగ్గరి సంబంధాల వల్లే తుతన్‌ఖామున్ చిన్నతనంలో చనిపోయాడా?

2010లో వెలువడ్డ డీఎన్ఏ పరీక్షలు అతని తల్లిదండ్రులు తోబుట్టువులని తేల్చాయి. అతని సమాధిలో పూర్తిగా ఎదగని రెండు ఆడ శిశువుల మమ్మీలు ఉన్నాయి. కాలి లోపం, మలేరియా ఆనవాళ్లు కూడా చెప్పారు. పాత మమ్మీల నుంచి తీసిన డీఎన్ఏ ఎంత నమ్మదగినదన్న వాదన నడుస్తూనే ఉంది. మరణకారణాన్ని తల్లిదండ్రుల పెళ్లి మీదకు నెట్టేయడం తొందరపాటు.

సామాన్య ప్రజలు కూడా తోబుట్టువులను పెళ్లాడారా?

ఫారోల కాలంలో అలాంటి ఉదాహరణలు అత్యంత అరుదు. వింతేమిటంటే, అది విస్తరించింది రాజులందరూ పోయి, రోమన్లు పాలిస్తున్నప్పుడు. రోమన్ ప్రభుత్వం 14 ఏళ్లకోసారి ఇంటింటి జనాభా లెక్కలు తీసేది. క్రీ.శ. మొదటి మూడు శతాబ్దాలవి, మనకు మిగిలిన సుమారు మూడు వందల పత్రాలను పరిశీలిస్తే, నమోదైన పెళ్లిళ్లలో దాదాపు ఆరింట ఒకటి తోబుట్టువుల మధ్య జరిగింది. భార్యాభర్తలిద్దరూ "అదే తండ్రికి, అదే తల్లికి" పుట్టినవారని అధికారులకు తామే రాసిచ్చారు. ఫయ్యూమ్ ప్రాంతంలో, గ్రీకు మూలాలు చెప్పుకునే పట్టణ కుటుంబాలలో ఇది ఎక్కువ. దత్తత తీసుకున్న అల్లుళ్లనే కొడుకులుగా రాశారని కొందరు వాదించారు గానీ అన్ని పత్రాలకూ ఆ వివరణ సరిపోదు. భూమి ముక్కలు కాకుండా చూసుకోవడం, గ్రీకు హోదా పోగొట్టుకోకపోవడం కారణాలై ఉంటాయి.

రోమన్ పౌరులకు ఈ వెసులుబాటు లేదు. ఈజిప్టులోని రోమన్ పౌరులు సోదరీమణులను, మేనత్తలను, పినతల్లులను పెళ్లాడకూడదనీ, సోదరుని కూతురిని మాత్రం పెళ్లాడవచ్చనీ అక్కడి అధికారుల నియమావళి చెప్పింది. క్లాడియస్ చక్రవర్తి క్రీ.శ. 49లో అన్న కూతురు అగ్రిప్పినాను పెళ్లాడటానికి చట్టం మార్పించుకున్నాడు, ఆ మార్పు సోదరుని కూతురికే వర్తించింది తప్ప సోదరి కూతురికి వర్తించలేదు. అక్క కూతురిని చేసుకుని, అన్న కూతురిని సొంత కూతురిగా చూసే తెలుగు పద్ధతికి ఇది సరిగ్గా తలకిందులు. క్రీ.శ. 212లో సామ్రాజ్యంలోని స్వేచ్ఛా ప్రజలందరికీ పౌరసత్వం దక్కడంతో ఈజిప్టువారు కూడా రోమన్ వివాహ చట్టం కిందికి వచ్చారు. ఆ తరువాతి పత్రాలలో తోబుట్టువుల పెళ్లిళ్లు దాదాపు కనుమరుగయ్యాయి. క్రీ.శ. 295లో డయోక్లీషియన్ దగ్గరి బంధువుల పెళ్లిళ్లను నిషేధిస్తూ మళ్లీ శాసనం చేశాడు.